తల దగ్గరి ముడి

గత వారం మనం తర్మిని పెరట్లో బట్టలుతికే రాయి దగ్గర వదిలేశాం. ఆమె చేతిలో తమ్ముడు వగిమాన్ చొక్కా ఉంది. మేనకోడల్ని, తర్మి ఒక్కగానొక్క బిడ్డ నింగ్రుమ్‌ని పాతిపెట్టిన మర్నాడే ఊరొదిలి సుమత్రా తోటల్లో పనికి పోయిన ఆ తమ్ముడు నలభయ్యో రోజు ప్రార్థనకి రాలేదు, నూరో రోజుకీ రాలేదు. ఏడాది కావస్తుండగా చెప్పాపెట్టకుండా ఊడిపడి, అక్క పెట్టింది తిని, ముసుగు తన్ని పడుకున్నాడు. అతని చొక్కా జేబు లోపలివైపు కుట్టేసి ఉన్న చిన్న పొట్లం తర్మి వేళ్ళకి తగిలింది. కుట్టు తెంపి చూసింది. చూసి అరవలేదు, ఏడవలేదు. పొట్లాన్ని భుజం గుడ్డ కొసన ముడేసుకుని, మొగుడికి అన్నం క్యారేజీ సర్దుకుని, సినిమా హాలు దారి పట్టింది.

ఆ సమయానికి మగెలాంగ్‌లోని పుస్పజయ హాలు వెనక, రేకుల షెడ్డు కింద, ఆమె మొగుడు పర్తోనో మేనేజరు చేత చీవాట్లు తింటున్నాడు.

మేనేజరు హర్జోకి బ్రష్షు ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు గానీ బొమ్మలో తప్పు పట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. నడుం మీద చేతులు పెట్టుకుని, లవంగ సిగరెట్టు పొగ వదులుతూ, గోడకి జారేసిన బ్యానరు కేసి చాలాసేపు చూశాడు. మూడు నిలువుల గుడ్డ అది. పోయిన వారం దాని మీద ముద్దులు పెట్టుకుంటున్న జంటకి గంజీ తెల్లరంగూ పట్టించి, ఆ తెలుపు మీదే ఈ వారం దయ్యాన్ని దించాడు పర్తోనో. అరటి తోట, దాని వెనక పచ్చటి చంద్రుడు, మూలన నోరు తెరిచి కేక పెడుతున్న హీరోయిన్, నెత్తురు కారుతున్న అక్షరాలు. మధ్యలో పైనుంచి కిందిదాకా తెల్లటి శవవస్త్రం, కఫన్‌లో చుట్టిన మనిషి.

"మాస్ పర్తోనో, ఏంటయ్యా ఇది?" అన్నాడు హర్జో.

"పోచోంగ్, పాక్" అన్నాడు పర్తోనో మర్యాదగా.

"అవునా? మరి ముడేదీ?"

పర్తోనో బ్రష్షు కేసి చూసుకున్నాడు.

"కాళ్ళ దగ్గర ముడుంది, నడుం దగ్గరుంది. నెత్తి మీదది ఏదయ్యా? నెత్తి మీద ముడి లేకుండా పోచోంగ్ ఎట్లా అవుతుంది? జ్వరమొచ్చి దుప్పటి కప్పుకున్న మనిషిలా ఉంది. జనం దీన్ని చూసి భయపడతారా, జాలిపడి కషాయం కాచి పోస్తారా?"

టికెట్లమ్మే ఆవిడ కిటికీలోంచి కిసుక్కున నవ్వింది. హర్జో మాటలో పాపం విషమేమీ లేదు. ఆయనకి అలా మాట్లాడటం అలవాటు. కానీ జ్వరం అన్న మాట పర్తోనో పక్కటెముకల మధ్య ఎక్కడో దిగబడింది.

ఆ ఊళ్ళో పోచోంగ్ గురించి ఉగ్గుపాలతోనే తెలుస్తుంది పిల్లలకి. శవాన్ని కఫన్‌లో చుట్టి తల దగ్గరా, నడుం దగ్గరా, కాళ్ళ దగ్గరా గుడ్డ పేలికలతో కడతారు. గుంటలోకి దించాక సొంత మనుషులే దిగి ఆ ముడులు విప్పాలి. ముసుగు తొలగించి కుడి చెంప మట్టికి ఆనించాలి. విప్పడం మరిచిపోయారా, ఆ ప్రాణి కాళ్ళు కట్టేసిన కోడిలా గెంతుకుంటూ ఇంటింటికీ వచ్చి, నా ముడి విప్పండి, నా ముడి విప్పండి అని అడుగుతుందట. సినిమా వాళ్ళకి అదో పెద్ద వ్యాపారం. కన్నవాళ్ళకి అది వేరే సంగతి.

"చూడు మాస్, ఇవాళ గురువారం. తెల్లారితే దయ్యాలు తిరిగే క్లివోన్ శుక్రవారం. దయ్యాల బొమ్మకి ఇంతకన్నా మంచి రాత్రి మళ్ళీ నెల దాటితే గానీ రాదు. సాయంత్రం నమాజు పిలుపు వినపడేసరికి ఇది హాలు నెత్తినుండాలి. ఈ బొమ్మ కూడా తన్నేసిందంటే ఓనరు హాలు మూసి బియ్యం బస్తాలు పెట్టుకుంటానంటున్నాడు. ఒక్క ముడి. నీకెంతసేపు?" అని భుజం తట్టి హర్జో ముందువైపుకి వెళ్ళిపోయాడు.

నిజమే, ఒక్క ముడి. చెయ్యి తిరిగిన పర్తోనోకి టీ చల్లారే లోపు పని. కానీ పొద్దుట్నుంచీ బ్రష్షు తెల్లరంగులో ముంచడం, నిచ్చెనెక్కడం, అక్కడ చెయ్యి ఆడక దిగిపోవడం. రంగు బ్రష్షు మీదే ఎండి గట్టిపడుతోంది. జకార్తా నుంచి పంపిన ఫోటోలో దయ్యానికి కుళ్ళిపోయిన మొహం ఉంటే, పర్తోనో మూసిన కళ్ళు మాత్రం వేసి ఊరుకున్నాడు. ఆ కళ్ళు ఎవరివో అతనికి తెలుసు. తెలిసే వేశాడో, చెయ్యి దానంతట అది వేసిందో మాత్రం చెప్పలేడు.

"మాస్" అన్న పిలుపు విని వెనక్కి తిరిగాడు.

తర్మి. పాప పోయిన దగ్గర్నుంచీ ఆమె ఈ షెడ్డు గడప తొక్కలేదు. క్యారేజీ పక్కింటివాళ్ళ చేత పంపేది. అంతకన్నా అతన్ని ఉలిక్కిపడేలా చేసింది ఆ పిలుపు. పెళ్ళయిన కొత్తలో, అందరూ మగవాళ్ళని మర్యాదగా పిలిచినట్టే, 'మాస్' అనేది. బిడ్డ పుట్టాక 'నింగ్రుమ్ నాన్నా' అయింది. ఆ బిడ్డ పోయాక అతన్ని ఏమని పిలవాలో ఆమెకీ తెలియలేదు, ఆమెని ఏమని పిలవాలో అతనికీ తెలియలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో పిలుపుల్లేకుండా, 'ఇదిగో', 'అదిగో' అనుకుంటూ రోజులు నెట్టుకొస్తున్నారు. ఇప్పుడామె మళ్ళీ మొదటికి వెళ్ళి పిలిచింది, మధ్యలో బిడ్డే పుట్టనట్టు.

"ఎందుకొచ్చావ్? ఎవరో ఒకరి చేత పంపకపోయావా?"

తర్మి క్యారేజీ రంగు డబ్బాల పక్కన పెట్టింది. బ్యానరు వైపు తలెత్తలేదు.

"ఒక సంగతి అడగాలి. తలవైపు ముడి ఎవరు విప్పారు?"

"మళ్ళీ అదేనా? నేనేనని ఎన్నిసార్లు చెప్పాను?"

"ఇంకోసారి చెప్పు. గుంటలో తలవైపు నువ్వు, కాళ్ళవైపు వగిమాన్. అంతేగా?"

"అంతే."

"విప్పిన తాడు ఏం చేశావ్?"

"అక్కడే పెట్టా. పక్కనే."

"ఏ పక్క?"

పర్తోనో నోరు తెరిచాడు. కుడి అనాలో ఎడమ అనాలో తోచలేదు. అప్పుడు తర్మి తలెత్తి బ్యానరు చూసింది. కాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి. ఒక ముడి, ఇంకో ముడి, తర్వాత మూసిన కళ్ళు, ఆ పైన ఖాళీ. ఆ కళ్ళ దగ్గర ఆమె పెదవులు వణికాయి. ఖాళీ దగ్గర ఆగిపోయాయి.

"అదెందుకు వెయ్యలా?"

"రంగు ఆరలేదు."

"మాస్, నీకు దయ్యాలు గియ్యడం వచ్చుగానీ అబద్ధం ఆడటం రాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారీ సరిగ్గా ఆడలేకపోయావ్."

అతను నిచ్చెన కింది మెట్టు మీద కూలబడ్డాడు. ఎండిన బ్రష్షుని రెండు చేతుల మధ్యా నలిపాడు.

"విప్పలేదు తర్మీ" అన్నాడు.

ఆమె వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"వాన పడుతోంది కదా. గుంటలోకి నీళ్ళు దిగుతున్నాయి. నడుం ముడి విప్పా, కాళ్ళది వగిమాన్ విప్పాడు. తలది పట్టుకున్నా. పట్టుకున్నానంటే పట్టుకున్నా. పైనుంచి ప్రార్థన చదివే మోదిన్ కసన్‌గారు అడిగారు, ముడులన్నీ విప్పారా నాయనా అని. విప్పామన్నాను. ఎందుకన్నానో తెలీదు. తర్వాతేం జరిగిందో కూడా సరిగ్గా గుర్తులేదు. ఎవరో చెయ్యిచ్చి పైకి లాగారు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, అది నేను విప్పలేదని."

"ఎందుకు విప్పలా?"

"ముసుగు తన్ని పడుకునేది కదే. ఎంత ఉక్కపోసినా లుంగీ నెత్తి మీదాకా లాక్కుని గానీ పడుకునేది కాదు. మనం తీసేస్తే నిద్దట్లోనే మళ్ళీ లాక్కునేది. మొహం మీద వాన పడితే లేచి ఏడుస్తుందేమో అనిపించింది. చలేస్తుందేమో అనిపించింది. నాకంతే అనిపించింది తర్మీ."

తర్మి నవ్వింది. ఆ నవ్వు వినడం కన్నా ఆమె తన చెంప మీద కొడితే బాగుండుననిపించింది పర్తోనోకి.

"అది ముసుగెందుకు తన్నేదో తెలీదా నీకు? నీ బొమ్మలకి! నాతోపాటు క్యారేజీ తీసుకుని ఇక్కడికొస్తే, ఆ గోడ మలుపు దగ్గర్నుంచి కళ్ళు మూసుకుని నా కొంగు పట్టుకుని నడిచేది. రాత్రి ఆ పోచోంగులు కిటికీలోంచి చూస్తాయని ముసుగు తన్నేది. నిన్ను అడగలా అది? ముడులు నువ్వే వేశావుగా నాన్నా, నువ్వే విప్పెయ్యి, వాళ్ళూ ఇళ్ళకెళ్ళి పడుకుంటారు అని, నీ ఒళ్ళో కూర్చుని అడగలా?"

"అడిగింది."

"దానికి లోకంలో భయమంటూ ఉంటే అదొక్కటే. దాన్ని తీసుకెళ్ళి అదే చేసి అక్కడ వదిలొచ్చావ్."

షెడ్డు రేకుల మీద సన్నగా వాన మొదలైంది. పర్తోనో తల వంచుకుని ఏడ్చాడు. మగవాడు పట్టపగలు, పనిచేసే చోట, ఎవరైనా చూస్తారన్న ఆలోచన కూడా లేకుండా ఏడ్చాడు. తర్మి ఓదార్చలేదు. ఆమెకీ ఓదార్పు కావాలి, అది ఎవరి దగ్గర దొరుకుతుందో తెలియక ఏడాదిగా వెతుక్కుంటోంది.

"జ్వరం ముదిరిన రోజు కూడా ఇంతే" అంది కాసేపటికి, అటు తిరిగి. "ఆస్పత్రికి తీసుకెళ్దాం రమ్మని వగిమాన్‌ని సైకిలు మీద పంపా. బావ హాల్లో లేడు, రంగులకి ఎటో వెళ్ళాడట అని తిరిగొచ్చాడు. నువ్వొచ్చేసరికి దీపాలు పెట్టారు. దాని ముక్కులోంచి నెత్తురు..."

"నాకు కబురు అందలేదని చెప్పాగా."

"చెప్పావ్. నేను నమ్మా. నువ్వేం చెప్పినా నమ్మా."

ఆమె భుజం గుడ్డ కొస విప్పడం మొదలుపెట్టింది. ముడి బిగుసుకుపోయి వెంటనే రాలేదు.

"అది రోజూ నా కల్లోకొస్తోంది. అమ్మా, నాది నాకిచ్చెయ్ అంటోంది. రిబ్బను అడుగుతోందేమో అని తీసుకెళ్ళి గోరీ రాతికి కట్టొచ్చా. గాజులు అడుగుతోందేమో అని అవీ పెట్టొచ్చా. అయినా ఆగలేదు, నాది నాకిచ్చెయ్ అనే. పిచ్చిదాన్నయిపోతున్నాననుకున్నా. ఇదిగో, చూడు ఇది."

అరచేతిలో తెల్లగుడ్డ పేలిక ఒకటి. మడతల దగ్గర పసుపుబారింది. ముడి పడి విడిన చోట ఇంకా ముడతలున్నాయి. ఒక అంచున గోరంత ఎర్రటి మచ్చ.

పర్తోనో ఆ మచ్చని చూసీ చూడగానే గుర్తుపట్టాడు. అది అతని చేతి రంగే. తెల్లవారకముందే పాప పోయింది. కఫన్ కొందామంటే బట్టల దుకాణాలు తెరవలేదు. వానలో తడుస్తూ ఈ షెడ్డుకి పరిగెత్తుకొచ్చి బ్యానర్ల కోసం తెచ్చిన కొత్త తానులోంచి చింపుకుని పట్టుకెళ్ళాడు. దాని అంచు మీద ఎప్పుడో ఎర్రరంగు చుక్క పడిందని ఇంటికెళ్ళాక చూశారు. పాపకి స్నానం చేయించిన ఆడవాళ్ళు, బిడ్డ ఒంటికి మచ్చ లేని గుడ్డే చుట్టాలని, ఆ అంచుని చింపి కట్లకి వాడారు. తర్మి ఆ చుక్కని గోటితో గీకింది. పోలేదు. పాప నుదుటి మీద ముద్దు పెట్టుకుని, ముసుగు కప్పి, తల దగ్గర కట్టమని ఆ పేలికే అందించింది.

"ఎక్కడిది ఇది?" అన్నాడు.

"వగిమాన్ చొక్కాలో. జేబు లోపల కుట్టుకున్నాడు."

పర్తోనో పేలికని చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి ముడతలు తడిమాడు. అప్పుడతనికి ఒక్కసారిగా ఊపిరాడింది.

"విప్పి ఉంది తర్మీ! చూడు, ఇది విప్పిన ముడి! అది కట్టేసి లేదు! నేను విప్పకపోతే ఏం, వాడు విప్పాడు! అది హాయిగా పడుకుంది!" అని ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. ఏడుస్తూనే నవ్వాడు. సిగ్గుమాలిన సంతోషం అది. ఏడాదిగా గుండెల మీద పెట్టుకు తిరిగిన బండ దిగిపోతుంటే మనిషికి సిగ్గు ఎక్కడుంటుంది?

తర్మి చేతులు విడిపించుకుంది.

"విప్పినవాడు అక్కడ పెట్టి రావాలిగా! ఎందుకు పట్టుకొచ్చాడు? శవం ముడి తాడు ఒంటిమీదుంటే పేకాటలో ఓడరని నమ్మే వెధవలు ఈ ఊళ్ళో లేరా? వాడికి పేకంటే ఎంత పిచ్చో నీకు తెలీదా? నా బిడ్డ తాడు జేబులో పెట్టుకుని ముక్కలేశాడా మాస్ వాడు? అది రోజూ వచ్చి నన్ను అడుగుతుంటే, వాడక్కడ..."

మాట పూర్తికాలేదు. షెడ్డు మలుపులో వగిమాన్ నిలబడి ఉన్నాడు. లేచి, ఆరేసిన చొక్కా జేబు చిరిగి ఉండటం చూసి, తడి చొక్కానే తగిలించుకుని వచ్చినట్టున్నాడు. గుండీలు కూడా పెట్టుకోలేదు. అక్క చేతుల వైపు చూశాడు, బావ చేతిలోని పేలిక వైపు చూశాడు.

తర్మి ఎదురెళ్ళి చెంప ఛెళ్ళుమనిపించింది. అతను మొహం పక్కకి కూడా తిప్పుకోలేదు.

"ఎన్ని ఆటలు గెలిచావురా?"

"అక్కా, ఆ మాట అనకు. ఇంకో నాలుగు కొట్టు, ఆ మాట మాత్రం అనకు. పాపని పూడ్చిన రోజు నుంచి నేను ముక్క పట్టుకోలేదు."

"మరెందుకు విప్పి తెచ్చుకున్నావ్?"

"నేను విప్పలేదక్కా."

వగిమాన్ పర్తోనో వైపు తిరిగాడు. చాలా దూరం మోసుకొచ్చిన బరువు దించడానికి చోటు వెతుక్కునేవాడిలా ఉన్నాడు.

"నువ్వే విప్పావు బావా."

"లేదు" అన్నాడు పర్తోనో. "నేను పట్టుకున్నానంతే."

"పట్టుకుని కూర్చున్నావ్, నిజమే. కసన్‌గారు అడిగితే విప్పామన్నావ్, అదీ నిజమే. మట్టి పడకుండా నేను పాప మీద చెక్క పలక వెయ్యబోతే ఆగమన్నావ్. వంగి ముడి విప్పావ్. ముసుగు తీశావ్. కింద రాళ్ళున్నాయని మట్టిని అరచేత్తో మెత్తగా చేసి, దాని చెంప ఆనించావ్. వాన పడకుండా దాని మొహానికి నీ వీపు అడ్డం పెట్టి ఎంతసేపున్నావో! పైనుంచి అందరూ రమ్మని కేకలేస్తున్నారు. అప్పుడు ఈ తాడు నా చేతిలో పెట్టావ్. ఒట్టు బావా. ఇదంతా నీకు గుర్తులేదా?"

పర్తోనో తల అడ్డంగా ఊపాడు. గుర్తులేదు. వాన గుర్తుంది, కేకలు గుర్తున్నాయి, ఆ మధ్యది మాత్రం తెల్లరంగు పూసేసినట్టుంది.

గుర్తొచ్చింది తర్మికి. ఆ రోజు ఇంటికొచ్చి బొమ్మలా కూర్చున్న మొగుడి చేతులు ఆమే కడిగింది. ఎడమ చేతికి అంతగా లేదు. కుడి అరచెయ్యి నిండా మట్టి, గోళ్ళలోకీ గీతల్లోకీ దిగిపోయి ఎంత కడిగినా వదల్లేదు. ఎందుకిలా ఉందని అప్పుడడగలేదు. ఇప్పుడా చేతినే పట్టుకుని తిప్పి చూసింది, మట్టి ఇంకా ఉందేమో అన్నట్టు. "విప్పావా!" అంది, మెల్లగా. ఆ ఒక్క మాటలో ఏడాది తర్వాత మళ్ళీ ఆమె గొంతు ఆమె గొంతులా వినిపించింది. "అయితే నువ్వే విప్పావా, నింగ్రుమ్ నాన్నా?"

ఆ పిలుపుకి పర్తోనో తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

ముందుగా తేరుకున్నది తర్మే. "మరి నీ చేతిలో ఎందుకు పెట్టాడురా? దాని పక్కనే పెట్టాల్సింది కదా. నువ్వెందుకు దాచావ్? నాకొక్క మాట చెప్పకుండా ఊరొదిలి ఎందుకు పోయావ్?"

వగిమాన్ తడి చొక్కా అంచు పిండుతూ నేల చూశాడు.

"తాడు ఇస్తూ బావ ఒక మాటన్నాడక్కా. ఆ మాట విన్నాక నీ మొహం చూడలేకపోయా. అందులో నా తప్పూ ఉంది. నీకు చెప్పలేను, చెప్పకుండా నీ చేతి అన్నం తినలేను. అందుకే పోయా. తాడు ఎక్కడ పారెయ్యాలో తెలీలేదు. పారెయ్యబుద్ధి కాలేదు." తలెత్తాడు. "బావా, అదైనా గుర్తుందా నీకు? అక్క ముందు నన్ను చెప్పమంటావా?"

"మాస్! ముడి అయిందా?" ముందువైపు నుంచి హర్జో కేకేశాడు. "వాన తగ్గగానే ఎత్తించేస్తా!"

పర్తోనో కుడి చెయ్యి ఇంకా తర్మి చేతుల్లోనే ఉంది. ఆ అరచెయ్యి చూస్తుండగా అతనికి మొదట గుర్తొచ్చింది ముడి కాదు, వాన కాదు, పాప మొహం కూడా కాదు. సైకిలు బెల్లు. పాపకి జ్వరం ముదిరిన ఆ మధ్యాహ్నం, ఇదే షెడ్డు బయట ఆగకుండా మోగిన వగిమాన్ సైకిలు బెల్లు. అప్పుడతని ముందు కొత్త సంవత్సరం సినిమా బ్యానరు సగం పూర్తయి ఉంది.

"చెప్పరా" అంది తర్మి తమ్ముడితో.

"వాణ్ణి అడక్కు" అన్నాడు పర్తోనో. భార్య చేతుల్లోంచి తన చెయ్యి తనే తీసేసుకున్నాడు. "కూర్చో. నేను చెప్తా."